ఐదో అంతస్తు వద్దన్నవాడు

"లిఫ్టుకి ఇంకో గంట పడుతుంది మేడమ్. మెట్లెక్కండి," అన్నాడు మెకానిక్, లిఫ్టు గుంటలోంచి తల మాత్రం బయటపెట్టి.

ల్యాబ్ టెక్నీషియన్‌కి చిర్రెత్తుకొచ్చింది. పొద్దున్నుంచి ఆస్పత్రిలో నలభై మందికి రక్తపరీక్షలు చేసి వచ్చిన మనిషి ఆమె.

"ఐదో అంతస్తండీ."

"మంచిదే. ఉండేవాళ్ళ బాధ కొనేవాళ్ళకి ముందే తెలుస్తుంది."

"కొంటున్నానని మీకెవరు చెప్పారు?"

"కొలతల టేపు పట్టుకుని చుట్టాలింటికి ఎవరూ రారు కదండీ."

వెనకే వచ్చిన ఆమె బాబాయి నవ్వబోయి, ఆమె చూపు చూసి దగ్గాడు.

ఆరేళ్ళ జీతంలో మిగుల్చుకున్నది పెట్టి, మిగతాది లోను తీసుకుని, ఒక ఫ్లాటు కొని అద్దెకివ్వాలని ఆమె ఆశ. నెల తప్పకుండా అద్దె వస్తేనే లోను తీరుతుంది. ఆదివారానికల్లా అడ్వాన్సు ఇవ్వాలన్నాడు ఓనరు.

ఐదో అంతస్తు చేరేసరికి బాబాయికి ఊపిరాడలేదు. బాల్కనీలోకి వెళ్ళాక ఆ సంగతే మర్చిపోయాడు. ఊరంతా కాళ్ళ కింద పరిచినట్టుంది.

ఆమె వంటగట్టు ఎత్తు కొలిచింది. "నాకు సరిగ్గా సరిపోయింది బాబాయ్. హాల్లో లేత పసుపు కర్టెన్లు బాగుంటాయి."

పైనున్న మెషీన్ రూముకి వెళ్తూ మెకానిక్ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇక్కడ మీరుంటారా?"

"లేదు, అద్దెకిస్తాను."

"మరి గట్టు మీ ఎత్తుకి కొలుస్తున్నారేం?"

ఆమె చేతిలోని టేపు చప్పున చుట్టుకుపోయింది.

"నెలకి రెండుసార్లు వస్తానండీ ఇక్కడికి. మూడేళ్ళలో ఈ ఇంటి సామాను మూడుసార్లు నా లిఫ్టులోనే దిగింది. ఇల్లు వానలో చూసి కొనండి. మొదటి అంతస్తులో వెనకవైపుది కూడా అమ్ముతున్నారు. అదీ ఒకసారి చూడండి."

"ఆ వెనకవైపు వాళ్ళు నీకెంత కమీషన్ ఇస్తున్నారయ్యా?" అన్నాడు బాబాయి.

"నేనూ అదే అడుగుదామనుకున్నాను," అంది ఆమె.

మెకానిక్ మొహం చిన్నబోయింది. పైకి వెళ్ళిపోయాడు.

శనివారం వాన దంచికొట్టింది. డ్యూటీ దిగుతూ కిటికీలోంచి చూసిన ఆమెకి ఆ చిన్నబోయిన మొహమే గుర్తొచ్చింది. విసుక్కుంటూనే గొడుగు తీసుకుని బయల్దేరింది.

వాచ్‌మన్ తాళం తీస్తే, ఐదో అంతస్తు పడగ్గదిలో కొత్త రంగు అప్పడంలా ఉబ్బి ఉంది. నేల మీద చిన్న మడుగు. ఎదురింటావిడ తలుపు సందులోంచి చూసి, "వానాకాలం వస్తే ఎవరూ ఉండరమ్మా. మళ్ళీ ఎవరైనా దొరికేదాకా తాళమే," అంది.

ఇది చూడకపోతే రేపు అడ్వాన్సు ఇచ్చేసేది ఆమె.

మొదటి అంతస్తులో చూడముచ్చటైనదేమీ లేదు. బాల్కనీ తువ్వాలు ఆరేసుకునేంతే. హాల్లో పగలే లైటు కావాలి. అక్కడ తొమ్మిదేళ్ళుగా అద్దెకున్న స్కూలు టీచరు మాత్రం, "నీళ్ళకి ఇబ్బంది లేదు, బస్‌స్టాపు రెండడుగులు. వచ్చే నెల సొంతింటికి పోతున్నామనే గానీ, మనసు రావట్లేదు," అంది.

లిఫ్టు తలుపు మీద మెకానిక్ ఫోన్ నంబరుంది. ఆమె రెండుసార్లు నొక్కి కట్ చేసి, మూడోసారి ధైర్యం చేసింది.

"లిఫ్టు ఆగిందా అండీ?"

"లేదు. ఐదో అంతస్తు కొనడం ఆగింది. ఆరోజు అలా అనాల్సింది కాదు."

అవతల అతని నవ్వు వినిపించింది.

"కమీషన్ కింద టీ ఇప్పిస్తారా?"

టీ ఒకటితో ఆగలేదు. ఇద్దరూ కలిసి మొదటి అంతస్తు కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార చూశారు. కరెంటు బకాయి ఏమైనా ఉందా అని పాత బిల్లులు తిరగేశారు. మధ్యలో ఖాళీ పడినా లోనుకి ఇబ్బంది లేకుండా మూడు నెలల వాయిదాలు పక్కన పెట్టుకోమన్నాడతను. ఆమె రాసుకుంటోంటే అతను కాగితం వైపు చూడలేదు. ఆమె తలెత్తితే మాత్రం గోడల్లో పగుళ్ళు వెతికేవాడు.

రిజిస్ట్రేషనయ్యాక, టీచరుగారు తాళాలు అప్పగించి వెళ్ళిన రోజున, ఖాళీ హాల్లో మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "మా గది ఓనరు ఖాళీ చేయమంటున్నాడండీ. మీరు చెప్పిన అద్దే ఇస్తాను. ఈ ఇల్లు నాకిస్తారా?"

"ఇవ్వను."

అతను తలొంచుకున్నాడు. బాబాయి తెల్లబోయాడు. "అదేంటే, బంగారంలాంటి కుర్రాడు."

"అద్దెకుండేవాళ్ళతో ఖచ్చితంగా ఉండాలి బాబాయ్. ఐదో తారీకు దాటితే ఫోన్ చేసి గట్టిగా అడగాలి. ఈయన ఫోనెత్తితే నాకు నవ్వొస్తుంది. ఇంక అద్దె ఏం అడుగుతాను?"

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే నేనెక్కడుండాలి?"

"మా అమ్మని అడగండి. సాయంత్రం ఇంట్లోనే ఉంటుంది."

బాబాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఆ గ్రీజు చొక్కాతో మా వదిన ముందుకొచ్చేవు. మార్చుకుని రావయ్యా."

"ఐదింటికి రానా?" అన్నాడు మెకానిక్, ఆమె వంకే చూస్తూ.

"నాలుగున్నరకి రండి," అంది ఆమె.