ఎనిమిదో అంతస్తులో పరిశోధకులు కావలెను

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల లిఫ్టు లేదు.

ఫోనులో తల దూర్చిన కుర్రాడు అది గమనించలేదు. పొద్దున్నే రాజీనామా ఇచ్చాడు. ఇంటికి వెళ్తున్నానన్న సంబరంలో ఉన్నాడు. వెనక నిలబడ్డవాడు అతని భుజం మీద చెయ్యి వేసింది సాయానికి కాదు. ఎనిమిదో అంతస్తు నుంచి కింది దాకా ఒక కేక వెళ్ళింది. తిరిగి ఏ శబ్దమూ పైకి రాలేదు.

“యాక్సిడెంటని రాసుకున్నారు,” అన్నాడు చీఫ్, ఫోటోని బల్ల మీద ముందుకు తోస్తూ. “మనం అలా అనుకోవడం లేదు.”

ఎదురుగా కూర్చున్నామె ముందు తలుపు ఎటుందో చూసుకుంది, తర్వాత కిటికీ, ఆ తర్వాతే ఫోటో. డిపార్టుమెంటులో అందరూ ఆమెని పిన్ని అంటారు. కోడ్‌నేమ్ కూడా అదే. తుపాకీ గురి అంతంతమాత్రం, పరుగు అసలే లేదు. ఏ పని తలపెట్టినా ముందు చెడే ఊహిస్తుంది. అన్నం ఉడుకుతుంటే గ్యాసు పేలుతుందనుకుంటుంది, ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది. గుండె ధైర్యం ఉన్న ఏజెంట్లంతా కారిడారు గోడ మీద నల్ల ఫ్రేముల్లో ఉన్నారు. పిన్ని మాత్రం కాలేజీ చదువు ముగించిన కూతురితో, నడుం నొప్పితో, ఇంకా డ్యూటీలోనే ఉంది.

“అప్లయిడ్ రీసెర్చ్ లాబ్ అని బోర్డు పెట్టారు,” చీఫ్ చెప్పుకుపోయాడు. “ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్ అని అదో రకం కంప్యూటరు భాషలు, అవి తెలిసిన పరిశోధకులు కావాలని ప్రకటన. కళ్ళు తిరిగే జీతం. దేశం మొత్తం వెతికినా ఆ విద్య బాగా వచ్చినవాళ్ళు గుప్పెడు మంది. ఆ గుప్పెడినీ ఏరి ఒకచోట పోగేశారు. వెనక విదేశీ ముఠా ఉంది.”

“పోగేసి?”

“ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న ముక్క ఇచ్చి రాయమంటున్నారు. విడివిడిగా చూస్తే ఏ ముక్కకీ పాపం పుణ్యం తెలీదు. అన్నీ అతికిస్తే ఏమవుతుందో ఈ కుర్రాడు కనిపెట్టాడు. మనకింకా తెలీదు. లోపల మన మనిషి ఒకామె ఉంది. రిక్రూటింగ్ డైరెక్టరు. కొన్నాళ్ళుగా ఆమె రిపోర్టులు ఆగిపోయాయి. ఇరుక్కుపోయిందో, అటు తిరిగిపోయిందో చెప్పలేం.” అతను ఇంకో ఫోటో తీశాడు గానీ, బల్ల మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. “ఈ కుర్రాడి స్థానంలో నిన్న ఒక అమ్మాయిని తీసుకున్నారు, పిన్నిగారూ.”

ఆ ఫోటోలోని స్వెట్టరు పిన్ని అల్లిందే.

చిట్టి! ఇంటర్వ్యూ పాసయ్యానని నిన్న రాత్రి వంటగదిలో గంతులేసిన చిట్టి. “ఈ లాంగ్వేజీ వేరమ్మా. ఇందులో ఫంక్షను తనకిచ్చింది తీసుకుంటుంది, ఇవ్వాల్సింది ఇస్తుంది, పక్కవాళ్ళ గొడవలో వేలు పెట్టదు,” అంటే, “అలాంటి అల్లుడు దొరికితే చాలే తల్లీ,” అని తను నవ్వింది. ఇప్పుడు పిన్ని ఆ ఫోటోని చీఫ్ చేతిలోంచి తీసుకుంది.

“మీరు వద్దంటే ఇంకొకరిని పంపుతాను.”

“ఇంకొకరు వెళ్తే నేనిక్కడ కూర్చుని బెంగతో చస్తాను. ఆ చచ్చేదేదో అక్కడే చస్తాను లెండి.”

టెక్నీషియను ఆమెకి ఒక విగ్గు, ఒక కళ్ళజోడు ఇచ్చాడు. “కుడి కాడ గట్టిగా నొక్కితే మీ జాడ చెప్పే బీకన్ ఆన్ అవుతుందండీ. టీమ్ బయలుదేరి వస్తుంది. కాకపోతే సిగ్నల్ ఉన్నచోటే పనిచేస్తుంది.”

“లేకపోతే?”

“లేకపోతే అది కళ్ళజోడండీ.”

*

కొత్త ఉద్యోగులకి హెల్త్ పాలసీ చేయించే ఇన్స్యూరెన్స్ ఏజెంటుగా పిన్ని ఆ బిల్డింగులో అడుగుపెట్టింది. రిసెప్షనులో ఫోను తీసుకున్నారు. సంచి గుల్ల చేసి చూశారు.

ఇంతలో హైహీల్స్ చప్పుడు. రిక్రూటింగ్ డైరెక్టరు. అందరూ మేడమ్ అనే పిలుస్తున్నారు. పట్టు లాంటి జుట్టు, చెంప మీద గీసినట్టున్న పుట్టుమచ్చ. ఆమె నడిచి వస్తుంటే సెక్యూరిటీ వాళ్ళ తలలు పొద్దుతిరుగుడు పువ్వుల్లా తిరిగాయి.

పిన్ని గోడ వంక చూస్తూ కోడ్ మాట వదిలింది. “మీ గడియారం ముందుందాండీ, వెనకుందా?”

“అది ఆగిపోయి చాలా కాలమైందండీ,” అంది మేడమ్. సరైన జవాబు. పిన్ని ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి ఎనిమిదో అంతస్తు దాకానే నిలిచింది. మేడమ్ ఒక గది తలుపు కార్డుతో తెరిచి, పిన్నిని లోపలికి పంపి, “మీరు రాకుండా ఉండాల్సింది,” అని పెదవి కదపకుండా అని, వెళ్ళిపోయింది. తలుపు క్లిక్కుమంది. పిన్ని పిడి తిప్పి చూసింది. లోపలికి కార్డు కావాలి. బయటికి కూడా కార్డే.

కంచే చేను మేసిందన్నమాట, అనుకుంది పిన్ని. కుడి కాడ నొక్కింది. కాడ చివర వెలగాల్సిన చిన్న చుక్క వెలగలేదు. గోడ మూల ఫ్యాను లాంటి పెట్టె ఒకటి గుర్రుమంటోంది. సిగ్నల్‌ని నొక్కిపెట్టే జామర్. టెక్నీషియను చెప్పింది నిజమే, అది కళ్ళజోడే.

తెరవడానికి పిడి కూడా లేని కిటికీలు. ప్లాస్టిక్ మొక్కలు. సీలింగులో కెమెరా. పొడుగాటి బల్ల చుట్టూ అరడజను మంది పరిశోధకులు, పంజరంలో చిలకల్లా. వాళ్ళకి తాము పంజరంలో ఉన్నామని కూడా తెలిసినట్టు లేదు. వాళ్ళలో పెద్దాయనని అందరూ మాష్టారు అంటున్నారు. గోడకి అంటించిన కంపెనీ పోస్టరులో తప్పు కనిపించిందని ఆయన పెన్ను తీసి దిద్దుతున్నాడు.

“వదిలెయ్యండి మాష్టారూ, మన జీతం ఇచ్చేవాళ్ళు,” అన్నారెవరో.

“జీతం ఇస్తే తప్పు ఒప్పవుతుందా నాయనా?”

కాఫీ మెషీను దగ్గర చిట్టి ఉంది. పిన్ని ఫారాలు పట్టుకుని పక్కన నిలబడింది. చిట్టి తల తిప్పింది, విగ్గు చూసింది, కళ్ళజోడు చూసింది. కప్పు చేతిలోంచి జారబోయి ఆగింది. మెషీను గురగురల చాటున పళ్ళ బిగువున అంది:

“అమ్మా! ఉద్యోగంలో మొదటి రోజు కూడా వెంటబడి వచ్చావా? విగ్గు పెట్టుకుని మరీ!”

“నన్ను అమ్మా అనకు.”

“నేననాలి ఆ మాట! అందరిలో నా పరువు తీశావు. నీ ఆఫీసులో టైపు కొట్టేవాళ్ళు లేరా ఇవాళ?”

“చిట్టీ, నేనెవరో నీకు తెలీదు. ఈ గదిలో ఏం జరిగినా సరే, నేనెవరో నీకు తెలీదు. నా మీద ఒట్టు.”

చిట్టి ఇంకేదో అనబోయింది. తల్లి కళ్ళలో రోజూ ఉండే భయం లేదు. అంతకన్నా పెద్దదేదో ఉంది. ఆ పిల్ల కప్పు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

తలుపు తెరుచుకుని నీలం సూటు వేసుకున్నవాడొకడు వచ్చాడు. వెనక మేడమ్, ఇద్దరు తుపాకీవాళ్ళు. గోడ మీద పెద్ద స్క్రీను వెలిగింది. గీతలు గీతలుగా రైలు పట్టాల మ్యాపు. ఎర్రవీ పచ్చవీ సిగ్నల్ చుక్కలు.

“మీ చిన్న చిన్న ముక్కలన్నీ కలిశాయి. అభినందనలు,” అన్నాడు నీలం సూటు, వడ్డించేవాడిలా చేతులు రుద్దుకుంటూ. “ఒక్క మీట నొక్కితే దేశంలో సిగ్నళ్ళన్నీ ఒకేసారి పచ్చబడతాయి. ఎదురెదురు రైళ్ళకి కూడా.”

మాష్టారి చేతిలో పెన్ను కింద పడింది.

“ఒక్క చిక్కుంది. మీరంతా లెక్క కట్టారు, ఎవరూ బయటి ప్రపంచాన్ని ముట్టుకోలేదు. ఆదేశాన్ని రైల్వే లైనులోకి పంపే చివరి ముక్క రాయాల్సినవాడు లిఫ్టులో జారిపడ్డాడు.” చిట్టి వైపు తిరిగాడు. “ఆ ముక్క నీది.”

“నేను రాయను,” అంది చిట్టి. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పిల్ల తూలి బల్ల అంచు పట్టుకుంది.

అంతే. ఇన్నేళ్ళ ట్రైనింగు, కోడ్‌నేమ్, ఒట్టు, అన్నీ గాలికి పోయాయి. పిన్ని ఒక్క అంగలో వెళ్ళి చిట్టి నుదుటి మీద చెయ్యి వేసేసింది.

“చూడు, ఒళ్ళు ఎలా చల్లబడిందో! పొద్దున్న ఏమీ తినకుండా రావద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!”

మాట నోట్లోంచి వచ్చాక గానీ తనేమందో ఆమెకి తెలియలేదు.

నీలం సూటు మెల్లగా నవ్వాడు. “ఇన్స్యూరెన్స్ ఏజెంట్లకి ఇంత ప్రేమా!” అని చెయ్యి చాచి విగ్గు లాగేశాడు. కింద అసలు జుట్టు, కూతురికున్న సుడే. తుపాకీ గొట్టం పిన్ని కణతకి ఆనింది. “ఇప్పుడు రాస్తావా అమ్మాయీ?”

విడిపించడానికి వచ్చింది తను. ఇప్పుడు కూతురి మెడకి ఉరితాడు తనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో పిల్ల. దేవుడా, ఇంట్లో కూర్చుని బెంగతో చచ్చినా బాగుండేది!

“రాయకే,” అంది పిన్ని. “రైళ్ళలో అందరికీ అమ్మలున్నారు.”

“నాకు ఒక్కర్తేగా ఉంది,” అంది చిట్టి. కన్నీళ్ళు తుడుచుకుని కీబోర్డు ముందు కూర్చుంది.

టకటక చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. పరిశోధకులంతా స్క్రీను మీద ఒక్కో లైనూ చదువుతున్నారు. పిన్నికి అందులో అక్షరం ముక్క అర్థం కాలేదు. మనుషుల మొహాలైతే చదవగలదు. చివరి లైను పడగానే ఆ అరడజను మొహాల్లో ఏదో మెరిసి ఆరిపోయింది. చిట్టి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు అబద్ధం చెప్పినప్పుడల్లా అలాగే ఎర్రబడేవి.

“చెక్ చెయ్యి,” అన్నాడు నీలం సూటు మేడమ్‌తో. “వీళ్ళందరినీ ఇంటర్వ్యూ చేసిందానివి. నీకు తెలియకుండా పోదు.”

మేడమ్ వంగి చదివింది. ఒకసారి, రెండోసారి. తలెత్తి పిన్ని వంక చూసింది. అయిపోయింది, చెప్పేస్తుంది, అనుకుంది పిన్ని.

“సరిగ్గానే ఉంది,” అంది మేడమ్.

“జామర్ ఆపండి. లైను తెరవండి.”

మూలన గుర్రుమంటున్న పెట్టె చల్లబడింది. బయటికి ఆదేశం పోవాలంటే తలుపు తియ్యాల్సిందే కదా, దొంగ అయినా. చెమట తుడుచుకుంటున్నట్టు పిన్ని కళ్ళజోడు సర్దుకుంది. కుడి కాడ గట్టిగా నొక్కింది. చివర ఆవగింజంత చుక్క వెలిగింది.

టీమ్ రావాలి. మెట్లెక్కాలి. అప్పటిదాకా బతకాలి.

నీలం సూటు మీట నొక్కాడు. ‘పూర్తయింది’ అని స్క్రీను మీద పడింది. అతను మ్యాపు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. ఎర్ర చుక్కలు ఎర్రగానే ఉన్నాయి.

“ఏమైంది?”

“పెద్ద నెట్‌వర్కు కదా,” అంది మేడమ్ తాపీగా. “అన్ని స్టేషన్లకీ అందడానికి టైము పడుతుంది.”

అప్పుడు మాష్టారు గొంతు సవరించుకున్నాడు.

పిన్నికి అర్థమైపోయింది. పోస్టరులో తప్పునే భరించలేని మనిషి! ఎదుట తుపాకీ ఉందని ఆయనకి తెలుసు, రైళ్ళలో జనం ఉన్నారనీ తెలుసు. అయినా ఎవరో శాస్త్రం తప్పు చెబుతుంటే ఊరుకోవడం ఆయన ఒంట్లో లేదు. వేలు దానంతటదే పైకి లేచింది. “అబ్బే, టైముకీ దీనికీ సంబంధం లేదండీ. అసలు ఈ భాషలో—”

“అమ్మో, నా గుండె!” అని పిన్ని నిలువునా ఆయన మీద కూలబడింది.

కుర్చీతో సహా ఇద్దరూ కింద పడ్డారు. ఆయన మూతి ఆమె మోచేతి కింద ఇరుక్కుంది. కింద నుంచి ఇంకా మాటలు వస్తూనే ఉన్నాయి. పిన్ని బరువు ఇంకాస్త వేసింది. చిట్టి “అమ్మా!” అని కెవ్వుమని వచ్చి మీద పడింది. ఆ పిల్ల దొంగ ఏడుపు ఏడుస్తోందో, నిజంగా ఏడుస్తోందో పిన్నికే తెలియలేదు. మిగతా పరిశోధకులు నీళ్ళు, డాక్టరు, గాలి ఆడనివ్వండి అంటూ గది గందరగోళం చేశారు.

“నోరు ముయ్యండి!” అరిచాడు నీలం సూటు. మ్యాపు చూశాడు. మాష్టారిని చూశాడు. వాడి మొహంలో లెక్క తేలింది. “ఆ ముసలాయన ఏదో చెబుతున్నాడు. లేపండి ఆయన్ని. పిల్లదాన్ని కాల్చెయ్యండి.”

తుపాకీ చిట్టి వైపు తిరిగింది. పిన్ని మాష్టారిని వదిలి కూతురికి అడ్డం పడింది. ట్రిగ్గరు మీద వేలు బిగుసుకుంటుండగా మేడమ్ హైహీల్ ఆ తుపాకీవాడి పాదంలో దిగింది. గుండు సీలింగు కెమెరాకి తగిలింది. అదే క్షణంలో తలుపు కార్డు లేకుండానే తెరుచుకుంది, గోడలో కొంత భాగంతో సహా.

*

కింద వ్యానులో చీఫ్ మేడమ్‌ని అడిగాడు, “రిపోర్టులెందుకు ఆపేశారు?”

“నా ఫోను వాడి జేబులో, నా మీద వాడి కన్ను. ఎలా పంపను? ఆ కుర్రాణ్ణి కాపాడలేకపోయాను.” పుట్టుమచ్చ కన్నీళ్ళతో కరిగి చెంప మీద గీతలా జారింది. నిజంగానే గీసింది అది.

చిట్టి తల్లి భుజం మీద తల పెట్టుకుంది. “నువ్వు టైపిస్టువి కావా అమ్మా?”

“టైపు కూడా వచ్చులే. అది సరే, నువ్వేం రాశావు? నీ చెవులు చూసి హడలిపోయాను.”

“నేను చెబుతానమ్మా!” ముందు సీట్లోంచి మాష్టారు వెనక్కి తిరిగాడు. మూతి వాచి ఉంది. కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. “మీ అమ్మాయి ఉత్తరం తప్పుల్లేకుండా రాసి కవర్లో పెట్టింది. ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. పోస్టు చెయ్యమన్న మాట ఎక్కడా లేదు. ఈ భాషలో అడగనిదే ఏ పనీ జరగదు. ఉత్తరం తయారైంది కాబట్టి మెషీను ‘పూర్తయింది’ అంది. అది అబద్ధం కాదు. దీని వెనక మూడు సిద్ధాంతాలున్నాయి. మొదటిది…”

వ్యాను ఆఫీసుకి చేరింది. వాంగ్మూలాలు అయిపోయాయి. నీలం సూటు తన పై వాళ్ళ పేర్లన్నీ కక్కేశాడు. మాష్టారు ఇంకా మొదటి సిద్ధాంతంలోనే ఉన్నాడు. ఎంతటి శత్రువు చేతనైనా నోరు విప్పించగల ఆ డిపార్టుమెంటులో, ఆయన చేత నోరు మూయించే విద్య తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.