పళ్లపొడి కామిక్ దొంగ

“సంచీ దులిపాను, కొంగు దులిపాను. ఇంకేం దులపమంటారయ్యా?”

వంటమనిషి గొంతు వీధిలోకి వినిపిస్తోంది. కిటికీ బయట ఇరుగుపొరుగు మూగారు. డిటెక్టివ్, అతని అసిస్టెంటు లోపలికి వచ్చేసరికి రిటైర్డ్ హెడ్మాస్టరు పోలీసులకు ఫోన్ చేయబోతున్నాడు.

“కాస్త ఆగండి” అన్నాడు డిటెక్టివ్.

పోయింది ఒక కామిక్. ఒకప్పుడు పళ్లపొడి డబ్బాతో ఉచితంగా ఇచ్చినది. బూట్లతో, బిస్కెట్లతో వచ్చినవి ఇంకా బీరువా నిండా ఉన్నాయి.

“వీటి మీద ఇంత మోజేంటి సార్?” అడిగాడు అసిస్టెంటు.

“కొనడానికేం, ఎవడైనా కొంటాడు. ఊరికే చేతికొస్తేనే మజా! కొన్నది లెక్కలోకి రాదని నేనూ మా బావమరిదీ చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాం” అన్నాడు హెడ్మాస్టరు.

సోఫాలో ఉన్న బావమరిది, పేరున్న పళ్ల డాక్టరు, చిన్నగా నవ్వాడు. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు కొడుకు గోళ్లు కొరుకుతున్నాడు.

“మొన్న వీడే అన్నాడు, అమ్మితే బైకు వస్తుందని” అన్నాడు హెడ్మాస్టరు.

“అన్నానే గానీ ముట్టుకోలేదు నాన్నా!”

డిటెక్టివ్ బీరువా చూశాడు. ఖాళీ ప్లాస్టిక్ కవరు, అందులో దన్నుగా పెట్టిన అట్ట అలాగే ఉన్నాయి. అదే గూట్లో ఒక బంగారు ఉంగరం కూడా ఉంది.

“ఈ కవరూ అట్టా కూడా ఊరికే వచ్చినవేనా?”

“కాదు, నేనే కొన్నాను.”

డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టాడు. వంటమనిషి మాత్రం కూర్చోలేదు.

“అమ్ముకునేవాడైతే కవరుతో సహా పట్టుకుపోతాడు. నలిగితే ధర పడిపోతుంది కాబట్టి మీవాడు కాదు. ఇక ఈవిడ. ఆ గూట్లోనే ఉంగరం ఉంది, దాన్ని వదిలి కాగితాలు ఎత్తుకెళ్తుందా? ఈ దొంగ డబ్బు పెట్టి కొన్న కవరూ అట్టా వదిలేశాడు. ఊరికే వచ్చినదే తీసుకున్నాడు. దొంగతనంలోనూ ఒట్టు తప్పలేదు.”

అసిస్టెంటు మెచ్చుకోలుగా నవ్వబోయి, వంటమనిషి మొహం చూసి ఆగిపోయాడు.

డాక్టరు తల దించుకుని బ్యాగు తెరిచాడు. పళ్లపొడి కామిక్ బల్ల మీద పెట్టాడు.

“ఎక్కడైనా కొనుక్కోవచ్చు కదరా!”

“కొంటే లెక్కలోకి రాదు కదా బావా.”

హెడ్మాస్టరు ఫోన్ జేబులో పెట్టేశాడు. “సరేలేమ్మా, వెళ్లి కాఫీ పెట్టు” అన్నాడు వంటమనిషితో, ఆమె వైపు చూడకుండా.

ఆమె కదల్లేదు. “నన్ను దొంగ అన్నప్పుడు వీధంతా వినపడేలా అన్నారు.”

“నువ్వు కాదన్నాంగా.”

“మరి దొంగ ఎవరో కూడా అలాగే వినపడేలా చెప్పండి.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బావమరిది కళ్లతోనే బతిమాలాడు. హెడ్మాస్టరు కిటికీ దగ్గరికి నడిచాడు. వీధిలోకి తిరిగి గట్టిగా అన్నాడు.

“దొంగ మా బావమరిది!”