పదకొండు అడుగుల నడవా

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్లన్నీ రాలిపోవాలి. మిగిలినవి రెండే అనుకో, అయినా ఒట్టు ఒట్టే.

మా వార్డు నుంచి బాత్రూం దాకా ఉన్న ఆ నడవా మంచిది కాదే మనవరాలా. సరిగ్గా పదకొండు అడుగులు. రాత్రి రెండు దాటితే చెప్పుల చప్పుడు... టప్... సర్ర్... టప్.

ఆమధ్య రాత్రి నర్సు అటు వెళ్లింది. గోడ పట్టుకుని, తెల్ల దుప్పటి కప్పుకుని — ఒక ఆకారం. ఆ పిల్ల పెట్టిన కేకకి మూడు వీధుల అవతల కుక్కలు లేచాయి. అక్కడే విరుచుకుపడిపోయింది.

దెయ్యం పారిపోలేదు. కూలబడి, నర్సు తల ఒళ్లో పెట్టుకుంది.

"భయపడకు తల్లీ... నేనే..."

ఆ దెయ్యం ఎవరనుకున్నావు, నా పక్క మంచం పోస్టామె. నలభై ఏళ్లు ఉత్తరాలు పంచుతూ భూగోళాన్ని ముమ్మారు చుట్టిన కాళ్లవి. దగ్గు వస్తోందని ఈ ఆసుపత్రికి తనంతట తనే నడిచొచ్చింది. డెబ్భై దాటితే పడిపోతారని ఇక్కడ మంచానికి రెండు పక్కలా కటకటాలు పైకి లేపి బిగిస్తారు, నడిచే మనిషికీ డైపరు కడతారు. పది రోజుల్లో ఆ పిక్కలు పీచుతాళ్లయిపోయాయి. బాత్రూంకి ఒంటరిగా వెళ్లొస్తేనే ఇంటికి, లేకపోతే ముసలాళ్ల హోముకి అన్నాడు డాక్టరు. అందుకే రాత్రుళ్లు మంచం కాళ్ల వైపు నుంచి జారి, దొంగలా నడక. నాలుగు అడుగులు, ఏడు, తొమ్మిది...

నర్సుని వదిలేసి వచ్చుంటే ఎవరికీ తెలిసేది కాదు. కూర్చున్నది లేవలేక దొరికిపోయింది.

మర్నాడు కాళ్ల వైపూ అడ్డం బిగించారు. అంతా ఆమె మంచికేనట. శుక్రవారం డాక్టరు లేవమంటే లేవలేకపోయింది. చక్రాల కుర్చీలో... చిరునామా చెరిగిన ఉత్తరంలా హోముకి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా పోయిందని కబురు.

ఆ రాత్రి నుంచి మళ్లీ... టప్... సర్ర్... టప్.

అవే చెప్పులు. నర్సుకి ఆ చప్పుడు గుర్తే. తన గదికి గడియ పెట్టుకుని చెవులు మూసుకుంటుంది. తెల్లారేదాకా బయటికి రాదు.

వెళ్లేముందు పోస్టామె ఆ చెప్పులు నా మంచం కిందికి తోసింది. "పదకొండు, అక్కా," అంది మెల్లిగా. "మధ్యలో ఎవరు పడినా... ఆగకు."

నా నడక పరీక్ష సోమవారం. నిన్న తొమ్మిది వేశాను.

అలా గుడ్లప్పగించి చూస్తావేం? నిన్నటిదాకా రాత్రి తోడున్న మీ అమ్మయితే ఏమీ అడక్కుండా దించేది ఈ కటకటం. దించి, నర్సు గది గడియ పడిందో లేదో చూసిరా.