పెద్ద ఎల్, చిన్న ఎల్

కుర్చీలో కూర్చుందన్న మాటే గాని ఇబ్తిసామ్ వీపు ఆనించలేదు.

"సోమవారం నన్ను కోర్టుకు రమ్మన్నారు, లల్లా రహ్మా. బూఅజ్జా చావుకు నా లెక్కే కారణమంటున్నారు. జైలుకు పంపేలా ఉన్నారు."

"మొదటినుంచి చెప్పు తల్లీ. నాకు కుట్టుమిషన్ తప్ప ఇంకో యంత్రం తెలీదు."

పక్కన నోటుపుస్తకం తెరిచిన మహ్జూబ్ నవ్వు ఆపుకున్నాడు. నేరాల గుట్టు విప్పే ఆవిడ దగ్గర పదకొండేళ్లుగా సహాయకుడు. ఏమీ తెలియనట్టు మాట్లాడే రోజునే ఆవిడకు అన్నీ తెలుస్తాయని అతని నమ్మకం.

కాసాబ్లాంకా విమానాశ్రయం పక్కన, విమానాలకు నేలపలకలు చేసే కార్ఖానా. ఇబ్తిసామ్ అక్కడ లెక్కలు కట్టే ఇంజనీరు. పలకంటే రెండు పలుచని పొరల మధ్య తేనెపట్టు లాంటి గూళ్ల అట్ట. ఆ గూళ్లన్నీ గీయబోతే కంప్యూటర్ చతికిలపడుతుంది. అందుకని అట్టను ఒకే దిమ్మగా భావించి, ఏ దిశలో ఎంత బలమో చెప్పి, చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్క కడతారు. గూళ్లను అంటించిన రిబ్బన్లు సాగే దిశలో అట్టకు బలమెక్కువ, అడ్డంగా దాదాపు సగమే. బరువు పెట్టి పరీక్షిస్తుండగా పలక విరిగి, కింద కొలత చూస్తున్న బూఅజ్జా మీద పడింది.

"రిబ్బన్‌ను నేను పొడవునే పెట్టాను. ఇప్పుడు నా ఫైల్లో వెడల్పున ఉంది. విరిగిన పలకలోనూ అంతే. ఎవరో మార్చారు."

"ఆ ఫైలు ఇంకెవరు తెరవగలరు?"

"మా పెద్దాయన అన్వర్ గారు, సి అన్వర్ అంటాం. కానీ ఆయన నాకు పని నేర్పిన గురువు. ఆయన్ని అనుమానించకండి."

"సరే, అనుమానించను. చూస్తాను."

మర్నాడు కార్ఖానాలో సి అన్వర్ ఎంతో మర్యాదగా టీ పోయించాడు. "చిన్నపిల్ల, పొరపాటు పడింది. నా కూతురు లాంటిది. ఏం చేస్తాం?" అన్నాడు. తేనె పూసిన కత్తి ఎలా ఉంటుందో మహ్జూబ్ అప్పుడే చూశాడు.

"ఈ బల్లకు గుడ్డ కుట్టిస్తాను, కొలతలు రాసివ్వండి" అంది లల్లా రహ్మా. అన్వర్ రాసిచ్చాడు. బయటికొచ్చాక ఇబ్తిసామ్‌తోనూ అదే బల్ల కొలతలు రాయించింది. మహ్జూబ్‌కు తలా తోకా తెలియలేదు.

అట్టలు కోసే బా అల్లాల్ మాత్రం తల ఎత్తలేదు. చనిపోయిన బూఅజ్జా ఆయన అల్లుడే.

"ఆ వారం స్టోరులో పొడుగు అట్ట ఉందా, బా అల్లాల్?"

"పొట్టిదే ఉంది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నారు."

శుక్రవారం నమాజయ్యాక అందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టింది. కంచాల్లో గోధుమరవ్వ కుస్కుస్ చల్లారిపోతున్నా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"ప్రమాదానికి ముందు సంతకాలు పెట్టిన నివేదికలో పలక వంగేది ఆరు మిల్లీమీటర్లు. అదే ఫైలును నిన్న మళ్లీ నడిపించాను. తొమ్మిది చూపించింది. అంటే నివేదిక తర్వాత ఫైలు మారింది."

"ఆ పిల్లే మార్చి ఉంటుంది" అన్నాడు అన్వర్.

"తనకు ఉరి తనే పేనుకుంటుందా? సరే, అదీ చూద్దాం. ఫైల్లో రిబ్బన్ వెడల్పుకు తిప్పి ఉంది. దిశ మార్చినప్పుడు పక్కన గుర్తు మళ్లీ కొట్టాలట. అక్కడ మాత్రం పెద్ద ఎల్ ఉంది. పెద్ద ఎల్ అంటే పొడవు కదా? మీ పాత ప్రోగ్రాం ఏ అక్షరం కొట్టినా పెద్దదిగా మార్చేస్తుందట. కొట్టిన మనిషి చిన్న ఎల్ కొట్టాడన్నమాట."

రెండు కాగితాలు బల్లమీద పరిచింది.

"ఇబ్తిసామ్ ఇంగ్లీషులో చదివింది. వెడల్పుకు డబ్ల్యూ రాసింది. మీరు మన ఫ్రెంచి బడుల్లో చదివారు. ఫ్రెంచిలో రెండు మాటలూ ఎల్‌తోనే మొదలు కాబట్టి పొడవుకు పెద్ద ఎల్, వెడల్పుకు చిన్న ఎల్. ఇదిగో మీ చేతిరాత. పొట్టి అట్ట ఒకే ముక్కగా సరిపోవాలని అడ్డం తిప్పి కోయించారు. మనిషి చచ్చాక ఫైలును పలకకు తగ్గట్టు దిద్దారు."

అన్వర్ రెండు కాగితాలూ తిరిగి ఆవిడ వైపు నెట్టాడు. "వారం ఆలస్యమైతే ఆర్డరు ట్యునీషియాకు పోయేది. రెండొందల మంది వీధిన పడేవాళ్లు" అన్నాడు.

"అందుకని నన్ను జైలుకు పంపుతారా, సి అన్వర్?" అంది ఇబ్తిసామ్. బయటపడ్డానన్న సంతోషం ఆమెలో రవ్వంత కూడా లేదు. నేర్పిన చెయ్యే గొంతు నులమబోయింది మరి.

బా అల్లాల్ మెల్లగా లేచాడు. "అట్టను అడ్డంగా లాగితే సాగుతుంది. కత్తి పెట్టేముందు లాగి చూశాను. తప్పని తెలిసింది. సి అన్వర్‌ను అడిగితే, 'నువ్వు కొయ్యి, లెక్క మేం చూసుకుంటాం' అన్నాడు. కోశాను."

"మీ తప్పేముంది, బాబాయ్?" అన్నాడు మహ్జూబ్.

"బరువు కింద దూరొద్దని ఆ రోజు అందరూ చెప్పారు వాడికి. 'మా మామ కోసిన పలక, నాకేం భయం' అన్నాడు."