రేకుల కింద చెప్పిన మాట

"రేకులు బాగానే ఉన్నాయండీ. చిల్లు లేదు, తుప్పు లేదు. ఇంకో పదేళ్ళు చూసుకోనక్కర్లేదు," అన్నాడు జయంత్.

"వానలో వచ్చి చూశారా?" అంది టీచరు.

"ఈ ఎండల్లో వాన ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ?"

"తేనక్కర్లేదు. పడినప్పుడు రండి చాలు. అందాకా ఆ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకండి."

భవానీపురంలో కృష్ణ కరకట్ట పక్కనున్న ఆ హైస్కూల్ని అందరూ కట్ట బడి అంటారు. దాన్ని బాగుచెయ్యడానికి ఎంతవుతుందో లెక్క కట్టమని బెంజ్ సర్కిల్‌లోని ఇంజనీర్ల ఆఫీసు జయంత్‌ని పంపింది. అతను సొంతంగా చూస్తున్న మొదటి పని అది. ఆమె పేరు శ్రీదుర్గ. ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే లెక్కలు చెబుతోంది. చేతినిండా సుద్ద, కళ్ళనిండా కోపం. ఆ కోపం ఆమెకి ఎంత నప్పిందో రాయడానికి పాపం ఎస్టిమేట్‌లో కాలమ్ లేదు.

పక్క వీధిలో బోరు బండి చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. జయంత్ గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఆమె ఎక్కడో వరండాలో ఉంది కదా అన్న ధైర్యంతో, "అబ్బో, ఎంత పొగరు!" అని గొణిగాడు.

సాయంత్రం అతని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "పొగరు కాదండీ, బాధ. శ్రీదుర్గ."

అంత మోతలో ఆమెకి ఎలా వినపడిందో అతనికి ఎంతకీ అంతుపట్టలేదు.

కొత్త గేటు, దాని మీద ఆర్చితో కలిపి ఎస్టిమేట్ అరవై లక్షలు తేలింది. సగం సర్కారు ఇస్తుంది, మిగతా సగం ఊరివాళ్ళు వేసుకోవాలి. దాంతో పేట రెండుగా చీలిపోయింది. "పిల్లల ఫీజులు కట్టలేకే కదా ఈ బడికి పంపేది. గేటుకి సోకులంటే మేమెక్కడ తెస్తామండీ?" అని ఆటో నడిపే ఇశ్రాయేలు నిలదీశాడు. కొట్లవాళ్ళేమో, ఆర్చి లేకపోతే డబ్బిచ్చినవాళ్ళ పేర్లు ఎక్కడ రాస్తారన్నారు. బడి కమిటీ చైర్మన్ వెంకటసుబ్బారావు గారు ఆర్చి మీద వాళ్ళమ్మ మాణిక్యమ్మ గారి పేరు ఉండి తీరాలన్నారు. ఆయన శ్రీదుర్గకి సాక్షాత్తూ కన్నతండ్రి. ఈ సంగతి జయంత్‌కి ఎవరూ చెప్పలేదు.

జయంత్ మాత్రం సంతకం పెట్టకుండా రోజూ టేపు పట్టుకుని వస్తూనే ఉన్నాడు.

"ఇవాళ ఏం కొలుస్తున్నారు?"

"వరండా అండీ."

"నిన్నా వరండాయేగా?"

"నిన్న పొడవు. ఇవాళ వెడల్పు."

"మరి రేపు?"

"రేపు మళ్ళీ పొడవు. చిన్న డౌటొచ్చింది టీచర్ గారూ."

ఆమె నవ్వాపుకోలేక క్లాసులోకి పారిపోయింది. ఆ తర్వాత అతను ఏం కొలిచాడో అతనికే తెలియదు.

జయంత్‌కి ఆకాశం వంక చూడడం అలవాటైంది. సాయంత్రాలు కట్ట మీద కూర్చుంటే, కృష్ణ మీదుగా మబ్బులు మెల్లగా వచ్చి, అతని ఊరు ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళిపోయేవి. అక్కడ కరెంటు ప్లాంటు పొగలో కలిసిపోయేవి. రాత్రి కలలో మాత్రం వాన పడేది. వరండా చివర శ్రీదుర్గ చెయ్యి చాపి చినుకులు పట్టుకునేది. ఆ వరండా ఎంత నడిచినా తరిగేది కాదు. కొలతల్లో ఎక్కడో తప్పు చేశాను, మళ్ళీ కొలవాలని నిద్రలోనే సంబరపడేవాడు.

జూలైలో ఒక ఆదివారం రేకుల హాల్లో మీటింగు పెట్టారు. తీర్మానం పాసైతే ఆర్చి వస్తుంది, గేటు వస్తుంది, రేకులు మాత్రం అలాగే ఉండిపోతాయి.

శ్రీదుర్గ లేచింది. "చైర్మన్ గారూ, వానాకాలం వస్తే ఇక్కడ పాఠం వినపడదు. అందుకే పిల్లలు టీసీలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఇలాగే పోతే..."

తర్వాతి మాట ఎవరికీ వినపడలేదు. వాన ఒక్కసారిగా రేకుల మీద విరుచుకుపడింది.

జయంత్ జన్మలో అలాంటి మోత వినలేదు. పక్కవాడు అరుస్తున్నా వినపడడం లేదు. పైనుంచి ఒక్క చుక్క కూడా కారలేదు, అయినా ఆ హాల్లో బడి అన్నదే లేకుండా పోయింది. ఇన్నేళ్ళు పిల్లలు ఈ మోతలోనే కూర్చున్నారా అనుకుంటే అతనికి సిగ్గేసింది.

ఉద్యోగం పోతే పోయిందనుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాడు. సుద్దతో పెద్ద అక్షరాలతో రాశాడు: "తప్పు నాది. ఆర్చి వద్దు, కొత్త గేటు వద్దు. ఆ డబ్బుతో శ్లాబు వేద్దాం."

వెనక్కి తిరిగేసరికి ముందు వరసలో శ్రీదుర్గ అతన్నే చూస్తోంది. ఆమె కళ్ళు చెమర్చాయి. ఎలాగూ వినపడదు కదా అని జయంత్ మనసులో ఉన్నదంతా పైకి అనేశాడు.

"ఇది పిల్లల కోసం రాశానండీ. వరండా కొలిచింది మాత్రం మీ కోసమే. మీరంటే నాకు ప్రాణం. ఒప్పుకుంటే మిమ్మల్నే పెళ్ళి చేసుకుంటాను."

శ్రీదుర్గ తల దించేసుకుంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వెనక ఇశ్రాయేలు ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. చైర్మన్ గారు నెమ్మదిగా లేచి వచ్చి జయంత్ చేతిలోంచి సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశారు:

"బాబూ, మేమంతా ఈ రేకుల కిందే చదివాం. వానొస్తే మేష్టారి పెదాలు చూసే పాఠం నేర్చుకున్నాం."

అంటే తన మాటలు హాలంతా చదివేసిందని జయంత్‌కి అప్పుడర్థమైంది. ఆయన కింద ఇంకో వరస రాశారు: "ఆ పిల్ల మా అమ్మాయి."

పారిపోదామంటే బయట కుండపోత. ఆయన మాత్రం తాపీగా మూడో వరస రాశారు: "శ్లాబు వెయ్యి. మా అమ్మ పేరు లేకపోయినా ఫరవాలేదు, పిల్లలకి పాఠం వినపడాలి. రెండో సంగతి అమ్మాయినే అడుగు."

హాల్లో చేతులన్నీ లేచాయి. శ్లాబు పాసైంది.

శ్రీదుర్గ తలెత్తి, అందరికీ కనపడేలా పక్కకి తిరిగి, అతన్ని చూస్తూ ఏదో అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. అంతమందిలో అర్థం కానిది జయంత్‌ ఒక్కడికే. అతను ఇబ్రహీంపట్నంలో శ్లాబు కింద చదువుకున్నాడు మరి!

ఏమన్నారని బిక్కమొహంతో చెయ్యి తిప్పాడు. ఆమె నవ్వింది. దగ్గరికొచ్చి, అప్పుడే బళ్ళో చేరిన పిల్లాడికి చెప్పినట్టు, పెదాలు నెమ్మదిగా కదుపుతూ మళ్ళీ అంది. ఈసారి అతను చదవగలిగాడు.

"సరే."

అతను అర్థం కానట్టే తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ చెప్పింది. వాన తగ్గేదాకా చెబుతూనే ఉంది.