నలభై ఒకటో నంబరు గొంతు

కీబోర్డు మాస్టారి వేళ్ళు ఎంతటి పాటనైనా లొంగదీస్తాయని ఆర్కెస్ట్రాలో పేరు. ఆ వేళ్ళకు కూతురి జడ మాత్రం ఆర్నెల్లయినా లొంగలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా మూడు పాయలు తీసి, రెండే అల్లి, మూడోది ఎటు పోయిందా అని వెతుక్కుంటున్నాడు. అప్పుడడిగింది పిచ్చుక. ఆరేళ్ళ పిల్ల. దాని వాగుడు చూసి ఆ ముద్దుపేరు పెట్టింది వాళ్ళమ్మే.

"నాన్నా, అమ్మ గొంతు ఎలా ఉండేది?"

"అదేంటే, నీకు గుర్తు లేదూ?"

"మొహం గుర్తుంది. గొంతే రావట్లేదు."

మాస్టారు దువ్వెన పక్కన పెట్టి, గోడ మీద కొంగు సర్దుకుంటూ నవ్వుతున్న భార్య ఫోటో వైపు చూశాడు.

పోయిన భార్య అదే ఆర్కెస్ట్రాలో కోరస్ పాడేది. కోరస్ అంటే తెలుసుగా, నలుగురి గొంతుల్లో ఒక గొంతు. దాన్ని విడదీసి వినడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. ఫోన్లో ఉన్న వీడియోలు ఫోనుతో పాటే ఆసుపత్రి బకెట్లో మునిగిపోయాయి. పెళ్ళి వీడియో ఉంది కానీ, తీసిన మహానుభావుడు మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు రుద్ది వదిలాడు. ఇక ఆవిడ గొంతు ఉన్నది ఒకే ఒక్క చోట. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపేసి, ఒక్కో స్వరానికీ ఆవిడ చేత 'ఆ' అనిపించి కీబోర్డులోకి ఎక్కించాడు మాస్టారు. ఆవిడ చెమటలు తుడుచుకుంటూ, మధ్యమధ్యలో నవ్వేస్తూ, రెండు గంటలు పాడింది. కీబోర్డులోని శబ్దాల్లో నలభై ఒకటో నంబరు పెడితే చాలు, ఏ కీ మీద వేలు ఆనించినా ఆవిడే పలికేది.

ఆ కీబోర్డునే మాస్టారు చేజేతులా ఇచ్చేశాడు. ఆవిడ ప్రాణం పోతున్న సాయంత్రం అతను ఎవరి ఫంక్షన్లోనో దాని మీద హుషారు పాటలు వాయిస్తున్నాడు. ఆ కసంతా దాని మీద తీర్చుకున్నాడు. వారం తిరక్కుండా పెట్టెతో సహా మోసుకెళ్ళి, తెలిసిన రికార్డింగ్ స్టూడియో ఆయన చేతిలో పెట్టి, "ఇది మళ్ళీ నా కళ్ళబడకూడదు" అని వచ్చేశాడు. బుద్ధి గడ్డి తిని, లోపలున్న గొంతును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడమే మర్చిపోయాడు.

జడ సగంలో వదిలేసి, పిల్లను పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పి, వానలోనే బయల్దేరాడు.

స్టూడియో నేల కింద ఉంది. మెట్లు దిగుతుంటే పైన వాన చప్పుడు కొంచెం కొంచెంగా సన్నగిల్లి, తలుపు మూసుకోగానే పూర్తిగా ఆగిపోయింది. గోడల నిండా నల్లటి స్పాంజి. ఒక మూల ఎర్రటి చిన్న లైటు. చెమ్మ వాసన, వేడెక్కిన వైర్ల వాసన, వాటి వెనకాల ఇంకేదో... అప్పుడే తలంటుకుని ఆరబోసుకున్న జుట్టు వాసన. అలాంటి గదిలో మనిషికి తన గుండె తనకే వినపడుతుంది. మాస్టారికీ వినపడింది.

స్టూడియో ఆయన మనిషి సగమైపోయాడు. కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకోవాలని వచ్చిన మాస్టారికి ఆ అవసరమే రాలేదు.

"తీసుకెళ్ళిపోండి మాస్టారూ. ఇప్పుడే." గుసగుసగా అన్నాడు.

"నలభై ఒకటో నంబరు అలాగే ఉంది కదా? అందులో మా ఆవిడ..."

"అయ్యో! మీరిచ్చిన మర్నాడే దాని మీద తలుపు గంట రికార్డు చేశానండీ. ఏదో ప్రకటనకు కావాలంటే. నాకేం తెలుసు?"

ఆ రకం కీబోర్డులో కొత్తది ఎక్కిందంటే పాతది చెరిగిపోయినట్టే. ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. పిల్లకు వెళ్ళి ఏం చెప్పాలి? కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

స్టూడియో ఆయన అతని భుజం మీద చెయ్యేసి, గోడల వైపు ఓసారి చూసి, గొంతు ఇంకా తగ్గించాడు.

"గంట మోగట్లేదు మాస్టారూ. నొక్కితే... ఎవరో ఆడమనిషి పాడుతోంది."

మాస్టారు చటుక్కున తలెత్తాడు. "చెరగలేదన్నమాట! మా ఆవిడేనయ్యా!"

"ఏమో. నాకు పెళ్ళి కాలేదని మీకు తెలుసుగా. పొద్దున్నే లేచి, మా ఆవిడ ఏదీ అని ఇల్లంతా వెతుకుతున్నాను."

ఆ మాట మాస్టారి చెవికెక్కలేదు. అప్పటికే పెట్టె భుజానికెత్తుకున్నాడు.

ఇల్లు చేరేసరికి సందెచీకటి పడింది. పిన్నిగారు పిల్లను దిగబెట్టి వెళ్ళిపోయింది. మాస్టారు పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని, వైరు తగిలించి, నలభై ఒకటి పెట్టి, వేలు ఒక కీ మీద ఆనించాడు.

"ఆ..."

ఒళ్ళు ఝల్లుమంది. చివర్లో వినిపించే ఆ సన్నటి జీర... ఆవిడే! ఇంకో కీ. ఇంకోటి. ఇన్నాళ్ళూ దిగమింగిన దుఃఖమంతా సంతోషంగా పొంగుకొచ్చింది.

"విన్నావటే? అమ్మ!"

పిచ్చుక వెనక్కి జరిగింది. "ఇది అమ్మ కాదు నాన్నా."

"పిచ్చిదానా, సరిగ్గా విను."

"కాదు. అమ్మలాగా చేస్తోంది."

కోపంగా మళ్ళీ నొక్కాడు. ఈసారి తనే జాగ్రత్తగా విన్నాడు. పోల్చి చూద్దామని, ఫ్యాను ఆపిన ఆ మధ్యాహ్నాన్ని తల్చుకున్నాడు. చెమట గుర్తొచ్చింది. ఆవిడ నవ్వడం గుర్తొచ్చింది. కానీ ఆ నవ్వు... ఈ గొంతుతో వినపడింది. ఆసుపత్రిలో "త్వరగా వచ్చెయ్యండి" అన్న ఆఖరి మాట గుర్తు చేసుకున్నాడు. అదీ ఈ గొంతే. పెళ్ళైన కొత్తలో అలిగి అన్న మాటలు, పిల్లను జోకొట్టిన రాత్రులు... అన్నిట్లోనూ ఇదే. అసలుది ఎక్కడా లేదు.

చెరిగిపోతోంది. తన లోపల. ఒక్కొక్కటిగా...

గభాలున వేలు తీసేశాడు.

"ఆ..."

ఆగలేదు. వైరు పీకాడు. అయినా ఆగలేదు. ఒక్క క్షణం తగ్గి... ఊపిరి తీసుకుంది. రికార్డు చేసిన గొంతుకు ఊపిరితో పనేముంది? ఇది మాత్రం తీసుకుంది. మళ్ళీ అందుకుంది.

"చెవులు మూసుకోవే! గట్టిగా!"

కీబోర్డును ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. వీధి చివర కాలువ గట్టు మీద దాన్ని నేలకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "వద్దు తల్లీ... నీకు దణ్ణం పెడతాను... మాకు మిగిలింది ఆవిడ జ్ఞాపకమొక్కటే!" ఎవరిని బతిమాలుతున్నాడో అతనికే తెలియదు. కీలు విరిగి నీళ్ళలో కొట్టుకుపోయాయి. చివరికి వాన చప్పుడొక్కటే మిగిలింది.

ఆయాసపడుతూ ఇంట్లోకొచ్చాడు. పిచ్చుక చెవుల మీంచి చేతులు తీసేసింది. గోడ ముందు నిలబడి, తలెత్తి, ఫోటో వైపు చూస్తోంది.

"నాన్నా, ఈవిడెవరు?"

"అదేం ప్రశ్నే? మీ..." అని కసురుకోబోయి, తనూ ఫోటో వైపు చూశాడు.

ఎవరో ఆడమనిషి. కొంగు సర్దుకుంటూ, ఎదురుగా ఉన్న ఎవరినో చూసి నవ్వుతోంది. ఎక్కడా చూసినట్టు లేదు.

"ఏమోనమ్మా. ఎవరు పెట్టారో."

లోపలి గదిలో పళ్ళేలు సర్దుతున్న చప్పుడైంది. ఆ వెనకే ఒక ఆడగొంతు, చివర్లో సన్నటి జీరతో.

"తడిసిపోయి వచ్చారా? ఇద్దరూ రండి, వడ్డించేశాను."

పిచ్చుక కేరింతలు కొడుతూ లోపలికి పరుగెత్తింది.

"వస్తున్నానే," అన్నాడు మాస్టారు. కళ్ళు మాత్రం ఎందుకో ధారగా కారుతూనే ఉన్నాయి. వాన నీళ్ళనుకుని, తువ్వాలుతో తుడుచుకుంటూ లోపలికి నడిచాడు.