పలకకూడని పిలుపు

రేవులో పాత జెట్టీ కిందికి చీకటి పడ్డాక ఎవరూ పడవ పోనివ్వరు. పగలు కూడా కాస్త ఎడంగానే తిప్పుకుపోతారు. ఓడలు ఆ జెట్టీకి రావడం మానేసి చాలా ఏళ్లయింది. పైన చెక్కలు ఊడాయి, దీపాలు పోయాయి. కింద మాత్రం వరసలు వరసలుగా స్తంభాలు, ఒళ్లంతా గుల్లలు పట్టి, నీళ్లలో అలాగే నిలబడి ఉన్నాయి. రాత్రిళ్లు ఆ స్తంభాల నడుమ నుంచి ఒక గొంతు వినిపిస్తుందని చెప్పుకుంటారు.

"తాడు... కాస్త తాడు అందించండి..."

పలికారా — అంతే సంగతులు.

అది బాగా తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది. వరస కలిపి పిలుస్తుంది. బతిమాలుతుంది, ఏడుస్తుంది, చివరికి తిడుతుంది కూడా. ఎప్పుడో ఒక కళాసీ ఉండబట్టలేక "ఎవరదీ?" అన్నాడట. మర్నాడు పడవ దొరికింది... మనిషి దొరకలేదు.

దెయ్యాల పుట్టుపూర్వోత్తరాలు మామూలుగా ఎవరికీ తెలియవు. ఈ దెయ్యానికి మాత్రం కన్నతండ్రి ఉన్నాడు. బజారు మలుపులో మిషను పెట్టుకున్న దర్జీ.

గుడ్డ కోయడంలో ఎంత నేర్పరో, కోతలు కోయడంలో అంతకు రెండింతలు. వారమంతా మిషను తొక్కి, సెలవురోజున తన చిన్న ఫైబరు పడవ వేసుకుని సరదాకి చేపలు పట్టడానికి పోతాడు. ఇలా సరదాకి పట్టేవాళ్లు ఆ రేవులో ఇంకా కొంతమంది ఉన్నారు. వీళ్లందరికీ పెద్ద చేపతో కన్నా చిన్న చేపతోనే పెద్ద చిక్కు. రేవు దాటి సముద్రంలోకి వెళ్తే వంజరం చేప ఉంటుంది గానీ, అది చచ్చిన ఎరను కన్నెత్తి చూడదు. గాలానికి గుచ్చాక కూడా ఎర తోక ఆడిస్తూ ఉండాలి. అంటే ముందు రాత్రే రేవులో ఎక్కడో వేలెడంత చేపల్ని ప్రాణంతో పట్టి, గాలి బుడగలు కొట్టే తొట్టిలో వేసి, తెల్లారేదాకా చంటిపిల్లల్లా సాకాలి. ఆ చిన్న చేపలు దొరికే చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. ఇంటి తాళాలైనా ఇస్తారు గానీ ఆ చోటు చెప్పరు.

దర్జీకి అలాంటి చోటు దొరికింది. ఆటు వేళ, నీళ్లు బాగా దిగినప్పుడు, పడవలో వెల్లకిలా పడుకుని పాత జెట్టీ అడ్డదూలం కింద నుంచి దూరితే, లోపల స్తంభాల మధ్య, నెత్తిన దగ్గర దగ్గరగా దూలాలతో, చిన్న గదంత ఖాళీ ఉంది. అక్కడ ఎర చేపలు కిటకిటలాడుతుంటాయి. ఈ సంగతి ఇంకెవరికీ తెలియకూడదు కదా. కంచె వేస్తే దూకుతారు, బోర్డు పెడితే చదవరు. అందుకని దెయ్యాన్ని కాపలా పెట్టాడు.

గట్టు మీద టీ తాగుతూ మొదట ఒక్క ముక్క చెప్పాడు. నమ్మారు. తర్వాత వారం వారం కాస్త కాస్త చేర్చుకుంటూ పోయాడు. "ఒకవేళ నిజంగా మనిషే పిలిస్తేనో?" అని మందుల షాపాయన అనుమానం వెలిబుచ్చితే, "నేను దెయ్యాన్ని కాదు అని ముందుగా చెప్పేది దెయ్యమే కదండీ" అన్నాడు దర్జీ. ఆ మాటకి అందరూ తలలూపారు.

అందరికన్నా గట్టిగా నమ్మినవాడు దర్జీ బావమరిది. బస్సు కండక్టరు. వట్టి అమాయకుడు, దానికి తోడు పిరికివాడు. ఆ కథ విన్న దగ్గర్నుంచి దీపం ఆర్పకుండా పడుకునేవాడు. "వాడసలే భయస్తుడు, ఎందుకండీ అలా హడలగొడతారు?" అని దర్జీ భార్య తమ్ముడి తరఫున దెబ్బలాడితే, దర్జీ మిషను తొక్కుతూ నవ్వేవాడు.

"ఎర ఎక్కడ దొరుకుతోంది బావా?" అని అడిగితే, సొంత బావమరిదికి కూడా నిజం చెప్పలేదు. దీపస్తంభం అవతల అన్నాడు. ఆ వెర్రిబాగులవాడు మందుల షాపాయన పడవెక్కి, రాత్రంతా దీపస్తంభం చుట్టూ ఖాళీ గాలాలు ఆడించి వచ్చేవాడు.

అలా ఉండగా ఒక అమావాస్య రాత్రి...

దర్జీ ఒంటరిగా దూలం కింద నుంచి లోపలికి దూరాడు. ఒకే దారానికి అరడజను చిన్న గాలాలు, ఒక్కోదానికి తన కొట్లోని మెరిసే దారం తునక. కిందికి వదిలి కాస్త ఆడిస్తే చాలు — ఎప్పుడు పైకి తీసినా నాలుగైదు చేపలు తళతళలాడుతూ వచ్చేవి. నీళ్లు బాగా దిగక, లోపలికి దూరే వీల్లేక, రెండు వారాలుగా ఎర లేక అల్లాడిన మనిషి. తొట్టి నిండుతున్నా చేతులు ఆగలేదు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ ఉండిపోయాడు.

తల ఎత్తితే — దూలం నెత్తికి తగిలింది.

అమావాస్య పోటు మామూలు పోటు కన్నా ఎత్తుగా వస్తుందని రేవులో అందరికీ తెలుసు. దర్జీకీ తెలుసు. తెలిసీ మరిచాడు.

గబగబా పడవని బయటికి తోశాడు. అంచు వెళ్లి అడ్డదూలానికి గుద్దుకుంది. ఇంకో పక్క తిప్పాడు. అక్కడా అంతే. వచ్చిన దారి మూసుకుపోయింది. దూలానికీ నీళ్లకీ మధ్య జానెడు సందు మిగిలింది, అంతే. వంగి, ఆ సందులోకి చెయ్యి పెట్టి బలమంతా తీసి నెడుతుంటే, చొక్కా జేబులోని ఫోన్ జారి ఎర తొట్టిలో పడింది. చేపలు దాని చుట్టూ చేరి వింతగా చూశాయి.

ఈత రాదు. పడవున్నవాడికి ఈతెందుకు అని ఇన్నాళ్లూ జోకులు వేశాడు. ఇప్పుడు బయట నుంచి ఎవరైనా ఒక తాడు అందిస్తే నడుముకు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, దూలం కింద నుంచి లాగించుకోవాలి. అదొక్కటే దారి. నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి.

అంతలో మోటారు చప్పుడు.

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. సందులోకి నోరు పెట్టి అరిచాడు. "ఎవరండీ... తాడు... కాస్త తాడు అందించండి...!"

మోటారు టక్కున ఆగిపోయింది.

నీళ్ల మీద గుసగుసలు కూడా దూరం పోతాయి. దర్జీకి ప్రతి మాటా వినిపించింది.

"విన్నావా..." అది మందుల షాపాయన గొంతు.

"విన్నా..." అది బావమరిది గొంతు. వణుకుతోంది.

"ఒరేయ్, నేనురా, మీ బావని!"

"అచ్చం మా బావ గొంతేనండీ..."

"అలాగే ఉంటుందని మీ బావే చెప్పాడుగా. పలక్కు."

దర్జీ టార్చి ఊపాడు. "లైటు కూడా చూపిస్తుందన్నాడు" అంది అవతలి గొంతు. దర్జీ దూలాన్ని దబదబా బాదాడు. బతిమాలాడు. ఏడ్చాడు. "అదంతా నేను అల్లిన కథరా, ఇక్కడ దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! నేను దెయ్యాన్ని కాదు..." అని అనేశాక గానీ ఏమన్నాడో తెలిసిరాలేదు. ఒళ్లు మండి నోటికొచ్చినట్టు తిట్టాడు. చివర్లో తిడుతుందని కూడా తనే చెప్పి ఉన్నాడు.

మోటారు మళ్లీ మొదలైంది. దూరమైంది... ఇంకా దూరమైంది... ఆగిపోయింది.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. దర్జీ తీసుకున్న గొయ్యి మరీ కొలతలు తీసి కుట్టినట్టు అతనికే సరిపోయింది.

నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి. కూర్చోవడానికి లేకుండా పోయింది. వెల్లకిలా పడుకున్నాడు. పడవ తేలేకొద్దీ దూలం ఛాతీ మీదికి దిగుతోంది. బక్కెట్టు ముంచి సముద్రం నీళ్లు పడవలో పోసుకోవడం మొదలుపెట్టాడు. పడవ బరువెక్కితే కిందికి దిగుతుంది, దూలానికీ తనకీ నాలుగు వేళ్ల సందైనా మిగులుతుంది. మునగకుండా ఉండాలని అందరూ నీళ్లు తోడేస్తారు, తను నలిగిపోకుండా ఉండాలని నీళ్లు పోసుకుంటున్నాడు. చేతులు గుల్లలకు గీరుకుని రక్తాలు కారాయి. టార్చి తడిసి ఆరిపోయింది.

చీకటి. నీళ్లు స్తంభాలకి కొట్టుకునే చప్పుడు. భార్య గుర్తొచ్చింది. పొద్దున్నే లేచి తలుపు తీసి చూస్తుంది. నేను ఇలా పోకూడదు, ఎవరికీ దొరక్కుండా పోకూడదు అని పిచ్చివాడిలా గొణుక్కున్నాడు.

అప్పుడు వినిపించింది.

"బావా..."

దర్జీ బక్కెట్టు వదిలేశాడు.

"బావా... ఎక్కడున్నావ్... తాడు తెచ్చా..."

గొంతు స్తంభాల మధ్య తిరుగుతోంది. ముందు నుంచి, వెనక నుంచి, నీళ్లలోంచి... అన్ని వైపుల నుంచీ ఒకేసారి వస్తోంది. మోటారు చప్పుడు లేదు. పడవ వచ్చిన అలికిడి లేదు. బావమరిది వెళ్లిపోవడం తన చెవులతో తనే విన్నాడు. దీపం ఆర్పితే నిద్రపోలేని మనిషి, ఈ చీకట్లో ఈ నీళ్లలో దిగుతాడా? చచ్చినా దిగడు.

మరి పిలుస్తున్నదెవరు?

దెయ్యం లేదని లోకంలో ఖాయంగా తెలిసినవాడు దర్జీ ఒక్కడే. ఆ క్షణాన అది కూడా తెలియకుండా పోయింది. ఇన్నేళ్లు తను అన్న మాటలు విని విని, నిజంగానే ఏదో వచ్చి ఇక్కడ చేరిందేమో. తెలిసిన గొంతుతోనే పిలుస్తుంది... వరస కలిపి పిలుస్తుంది...

చొక్కా కాలరు నోట్లో కుక్కుకుని పళ్లు బిగించాడు.

"బావా... ఒక్కసారి పలుకు... ఎటు రావాలో తెలియట్లేదు..."

దర్జీ పలకలేదు.

"బావా..." దగ్గు. నీళ్లు మింగినట్టు మళ్లీ దగ్గు. "ఒక్క మాట... బావా..."

రెండు చెవులూ మూసుకున్నాడు. కాసేపటికి ఆ గొంతు ఆగిపోయింది. ఆగిపోయినందుకు హమ్మయ్య అనుకున్నాడు.

తర్వాత ఎంతసేపు గడిచిందో అతనికి తెలియదు. దూలం ముక్కుకు తగిలేదాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఆగి... మెల్లగా, ఇష్టం లేనట్టు, పైకి జరగడం మొదలుపెట్టింది. పోటు తిరిగింది.

తెల్లారింది. స్తంభాల సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు లోపలికి వచ్చింది. దర్జీ మోచేతి మీద లేచి చూశాడు.

రెండు స్తంభాల అవతల, తెడ్డు చాపితే అందేంత దూరంలో, ఒక మనిషి స్తంభాన్ని కౌగిలించుకుని వేలాడుతున్నాడు. నడుముకు తాడు. ఆ తాడు వెనకాల స్తంభాలకు చిక్కుపడి బిగుసుకుపోయింది. చెంపలు, చేతులు గుల్లలకు చీరుకుపోయాయి.

బావమరిది.

"ఒరేయ్..." అన్నాడు దర్జీ. తెడ్డు చాపి, లాగి, ఎలాగో పడవలోకి చేర్చాడు. బయట నుంచి మందుల షాపాయన ఏడుపు గొంతుతో అడుగుతున్నాడు. "దొరికాడా? ఇద్దరూ ఉన్నారా?"

ఉన్నామని చెప్పాక ఆయన వరదలా చెప్పుకొచ్చాడు. సగం దూరం పోయాక బావమరిది మోటారు ఆపించాడట. "దెయ్యమే అయితే పోయేది నేనొక్కణ్ణే. బావే అయితే మా అక్కకి ఏం చెప్పను?" అన్నాడట. గొంతు వినపడాలని తెడ్లు వేసుకుంటూ నిశ్శబ్దంగా వెనక్కి వచ్చారట. తాడు ఒక కొస ఈయన చేతికిచ్చి, దూలం కింద మునిగి లోపలికి పోయాడట. తాడు లాగితే రాలేదు, పిలిస్తే పలకలేదు. రేవు ఆఫీసుకి ఫోన్ చేస్తే పోటు తగ్గాకే లోపలికి రాగలమన్నారు. రాత్రంతా ఆ తాడు కొస పట్టుకుని కూర్చున్నానని చెబుతూ ఆయన ఏడ్చేశాడు.

దర్జీ బావమరిది తల ఒళ్లో పెట్టుకున్నాడు. సిగ్గుతో అతని మొహంలోకి చూడలేకపోయాడు.

"పిలిచావురా. విన్నాను. విని కూడా పలకలేదు."

"ఎందుకు బావా?" కోపం లేదు ఆ గొంతులో. ఉత్తినే అడిగాడు.

"దెయ్యమనుకున్నాను. ఆ దెయ్యం లేదురా. చేపల కోసం నేనే పుట్టించాను. నేను పుట్టించినదానికి నేనే భయపడి, నిన్ను చావుకి వదిలేశాను." దర్జీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

బావమరిది నీలుక్కుపోయిన పెదాలతో నవ్వాడు.

"పోనీలే బావా. నువ్వు పలక్కపోతేనేం, నీ పక్కనున్నాయన పలికాడుగా."

"ఎవరు?"

"నీ పడవలో పెద్దాయన. ఇటు రా నాయనా, ఈ స్తంభం పట్టుకో అన్నాడు. ఇంక అరవకు, ఊపిరి దాచుకో, నీళ్లు దిగిపోతాయి అన్నాడు. నేను చేతులు వదిలేద్దామనుకున్నప్పుడల్లా మాట్లాడాడు బావా. తెల్లారేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. నీకు ఊపిరాడట్లేదేమో, అందుకే ఆయన్ని మాట్లాడమన్నావనుకున్నా... ఏడీ, ఎక్కడ దిగాడు?"

దర్జీ మెల్లగా వెనక్కి తిరిగి పడవలోకి చూశాడు. సగందాకా నీళ్లు, వాటి మీద తేలుతున్న బక్కెట్టు. రాత్రంతా ఆ దూలం కింద తనొక్కడు వెల్లకిలా పడుకోవడానికే జాగా చాలలేదు.